గులాబీ పిప్పి, రబ్బరు బిరడా

మా ప్రయోగశాలలో తెమెనుగా అనే ఆవిడ తన చేతులతో బిగించిన నూట పన్నెండో సెల్ నాలుగు వేలసార్లు నిండి, నాలుగు వేలసార్లు ఖాళీ అయినా చావలేదు. ఆవిడ మాత్రం అది వెయ్యీ రెండొందల దగ్గర ఉండగానే పోయింది.

సెల్ అంటే పెద్ద ఆర్భాటమేమీ కాదు. కోటు బొత్తామంత బిళ్ల. లోపల రెండు పలుచని పొరలు, వాటి మధ్య ఒక కాగితం, ఆ కాగితాన్ని తడిపే నాలుగు చుక్కల ద్రవం. యంత్రం దాన్ని రోజుకు పదిసార్లు నింపుతుంది, పదిసార్లు ఖాళీ చేస్తుంది. పగటి ఎండను దాచిపెట్టి చీకటి పడ్డాక వాడుకునే పెద్ద పెద్ద బ్యాటరీలు చౌకగా రావాలంటే లిథియం కన్నా ఉప్పులో దొరికే సోడియం మేలని మా ప్రయోగశాల ఇరవై ఏళ్లుగా నమ్ముతోంది. అయితే సోడియం సెల్లులు అల్పాయుష్కులు. నూట పన్నెండుకు ముందు మావి ఐదు వందలు దాటినవి లేవు.

ఆ ఆయుష్షు గులాబీల వల్ల వచ్చిందని అందరం అనుకున్నాం. తెమెనుగాది కార్లొవో దగ్గర పల్లె. తమ్ముడు రంగెల్ అక్కడే గులాబీ నూనె బట్టీ నడుపుతాడు. జూన్‌లో నూనె తీశాక మిగిలే పిప్పి గుట్టలు గుట్టలుగా పడి కుళ్లుతుంది. ఆవిడ ఆ పిప్పిని ఎండబెట్టించి, సోఫియా నగరానికి తెచ్చి, గాలి తగలని కొలిమిలో మాడ్చి నల్లటి పొడి చేసింది. ఆ పొడితోనే నూట పన్నెండు. ఆవిడ పోయిన ఏడాదికి పరిశోధన పత్రం అచ్చయింది. మొదటి పేరు ఆవిడది, చనిపోయినవాళ్ల పేరుకు వేసే నల్ల గీతల మధ్య. రెండోది నాది, జోర్నిత్సా. చివరిది లూబెన్ డ్రాగాన్చెవ్, మా విభాగం పెద్ద, ఆవిడ భర్త.

లూబెన్ గారికి అరవై ఎనిమిది. భార్య పోయాక ఆయన మారారని ఎవరూ అనలేరు. తొమ్మిదికి వస్తారు, ఐదుకు వెళ్తారు, చొక్కా ఇస్త్రీ చేసే ఉంటుంది. ప్రతి ఆరు నెలలకూ సంస్మరణ కాగితం తెచ్చి గేటు పక్కన స్వయంగా అంటిస్తారు. అందులో ఆవిడ తెల్లకోటుతో నవ్వుతూ ఉంటుంది. అంటించాక అంచులు బొటనవేలితో నొక్కి లోపలికి వచ్చి, "నిన్నటి అంకెలు చూపించు," అంటారు. అంత్యక్రియల రోజున నేనూ అలాగే ఉన్నాను. పొద్దున్నే వచ్చి అంకెలు రాసుకుని, తర్వాత శ్మశానానికి వెళ్లాను. ఏడుపు రాలేదు. ఎప్పుడో వస్తుందిలే అనుకున్నాను.

కిందటి శరత్కాలంలో బాయ్ గెంచో, అంటే అందరం గెంచో అన్న అని పిలిచే పెద్దాయన, పదవీ విరమణ చేశాడు. ముప్పై నాలుగేళ్లు మా గాజు సామాను కడిగి, ద్రవాలు కలిపి, సీసాలు సర్దినవాడు. ఊరు గాబ్రొవో. తలుపు తొందరగా మూసుకుంటుందని, గదిలో వేడి వృథా కాదని పిల్లి తోక కోసే పిసినారుల ఊరని లోకమంతా ఆడిపోసుకునే ఊరు. ఆయన వెళ్లిపోయాక సామానంతా కొత్తది తెచ్చుకున్నాం. కొత్త గులాబీ పొడి చేశాం, కొత్త సెల్లులు బిగించాం.

అవి మూడు వందల దగ్గర చచ్చాయి.

మళ్లీ బిగించాం. మళ్లీ నెల రోజులకు చచ్చాయి. ఆ ఏడు వానలు ఎక్కువ పడ్డాయి కదా, పువ్వులో తేడా వచ్చిందేమో అనుకున్నాం. కొలిమిని అనుమానించాం. స్లొవేనియాలో ఒక ప్రయోగశాలకు మా పొడి పంపితే వాళ్లు మర్యాదగా ఉత్తరం రాశారు: "మా దగ్గర ఈ ఫలితం రావడం లేదు. మేమేమైనా పొరపాటు చేస్తున్నామా?"

లూబెన్ గారు ఉత్తరం చదివి మడిచారు. "గులాబీ తప్పు చెయ్యదు. మనమే ఎక్కడో చేస్తున్నాం," అన్నారు.

నాలుగు నెలలు అలా గడిచాయి. రోజూ పొద్దున చచ్చిన వాటిని తీసి డబ్బాలో వేయడం, కొత్తవి పెట్టడం. బాధగా కూడా ఉండేది కాదు. పంటి డాక్టరు సూదిమందు ఇచ్చాక పెదవి మనదే అయినా మనది కానట్టు ఉంటుందే, అలా ఉండేది.

జనవరిలో ఒకనాడు ఆర్గాన్ వాయువు నింపిన గాజుపెట్టెలో, అడుగు అర వెనక, ఒక పాత సీసా దొరికింది. బాయ్ గెంచో రాతతో చీటీ. అడుగున కాస్త ద్రవం. వేరే పనేమీ తోచక ఆ ద్రవంతో నాలుగు సెల్లులు బిగించాను. రెండింటిలో గులాబీ పొడి వేశాను. మిగతా రెండింటిలో అంగడిలో కొన్న మామూలు కార్బన్ వేశాను, పోల్చి చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలని.

నెల తిరిగేసరికి నాలుగూ బతికే ఉన్నాయి. మామూలు కార్బన్‌వి కూడా.

చాలాసేపు తెర ముందు కూర్చున్నాను. అదే ఉప్పు, అదే ద్రావకం, అదే కంపెనీ సరుకు. పాత చీటీ, కొత్త చీటీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా లేదు. తేడా ఒక్కటే. కొత్త సీసాలకు తెల్లటి ప్లాస్టిక్ మూతలు. పాతదానికి గోధుమరంగు రబ్బరు బిరడా, అరిగి, ముద్దలా ఉంది.

బాయ్ గెంచో ఇల్లు ల్యూలిన్ పేటలో, పెద్ద పెద్ద సిమెంటు పలకల భవనాల మధ్య. తలుపు తీసి నన్ను పైకీ కిందికీ చూశాడు.

"ఏమ్మా, పింఛను వెనక్కి తీసుకోడానికి పంపారా నిన్ను?"

"కాదు బాయ్ గెంచో. బిరడాల గురించి వచ్చాను."

"ఏం బిరడాలు?"

"మన సీసాలకు పెట్టేవారు కదా. గోధుమరంగువి."

ఆయన ముఖం కాస్త ముడుచుకుంది. "వాటిని పారేస్తామన్నారు. పారేసేదాన్ని తెచ్చుకుంటే దొంగతనమా? నువ్వే చెప్పు."

"దొంగతనమని ఎవరన్నారు? ఎక్కడున్నాయి?"

నేలమాళిగకు తీసుకెళ్లాడు. గోడ వెంట ఇంట్లో కాచిన ప్లమ్ పండ్ల సారా, రకియా, సీసాలు బారులు తీరి ఉన్నాయి. ప్రతి సీసా మెడలోనూ మా ప్రయోగశాల బిరడా.

"చూశావా, చుక్క కారదు," అన్నాడు గర్వంగా. "ఇవి నేను చేరిన ఏడాది వచ్చాయి. ఆ కర్మాగారం ఎప్పుడో మూతపడింది. ప్రతి ప్రాజెక్టులోనూ కొత్తవి కొనమనేవారు మీ ప్రొఫెసర్ గారు. కొన్నామని చెప్పేవాణ్ణి. ఉడకబెట్టి మళ్లీ ఇవే పెట్టేవాణ్ణి. గట్టి సరుకుండగా కొత్తవి దేనికి?"

"ద్రవం వీటికి తగిలేదా?"

"తగలక? గులాబీ పొడి డబ్బాలు అరల నిండా చేరాక సీసాలు పడుకోబెట్టేవాణ్ణిగా. నిలబెడితే జాగా దండగ." అంటూనే ఆగాడు. "ఏమైంది తల్లీ? కొంప ముంచానా?"

"లేదు. ఏమైందో ఇంకా తెలీదు. వాడనివి ఏమైనా ఉన్నాయా?"

రేకు డబ్బాలోంచి పదమూడు తీసి ఇచ్చాడు. ఒక్కొక్కటీ చేతిలో పెడుతూ ముఖం చిట్లించాడు, పెళ్లికూతుర్ని సాగనంపుతున్నట్టు. ఒక గ్లాసు తాగందే పంపనన్నాడు. తాగాను. గొంతు మండాలి. మండిందేమో, నాకు తెలియలేదు.

ఒక బిరడాను చిన్న ముక్కలుగా కోసి కొత్త ద్రవంలో పది రోజులు నానబెట్టాను. ఎనిమిది సెల్లులు బిగించాను. గులాబీవి నాలుగు, మామూలువి నాలుగు. పక్కన బిరడా తగలని ద్రవంతో మరో ఎనిమిది. మార్చి ఆఖరుకు బిరడా నానినవి ఎనిమిదీ నాలుగు వందల యాభై దాటి నిక్షేపంగా ఉన్నాయి. మిగతావి ఎప్పుడో పోయాయి. గులాబీకీ, మామూలు బొగ్గుకీ వెంట్రుకవాసి తేడా లేదు.

సెల్లుల ఆయుష్షు రహస్యం దొరికింది. ఇరవై ఏళ్లుగా మేం వెతుకుతున్నది అదే. లేచి గంతులేయాలి. నేను లేచి కిటికీ మూశాను. విటోషా కొండ మీద ఇంకా మంచు ఉంది. అది చూస్తూ, ఆయనకు ఎలా చెప్పాలా అనుకున్నాను. ఎందుకంటే మే ఇరవై నాలుగున, చదువుల పండుగ రోజున, మా ప్రయోగశాలకు తెమెనుగా పేరు పెడుతున్నారు. ఇత్తడి పలక చెక్కడానికి ఇచ్చేశారు కూడా.

నేను వెళ్లేసరికి లూబెన్ గారు ఆ పలక మీది మాటలే సరిచూస్తున్నారు.

"'గులాబీ కార్బన్ కనుగొన్న' అనాలా, 'రూపొందించిన' అనాలా? కూర్చో. నువ్వేమంటావు?"

నేను కూర్చోలేదు. కాగితాలు బల్ల మీద పెట్టాను. "ప్రొఫెసర్ గారూ, ముందు ఇవి చూడండి."

ఆయన చూశారు. ఆయనకు వివరించనక్కర్లేదు, గీతలు చదవగలరు. మొదటి పేజీ, రెండో పేజీ, మళ్లీ మొదటిది.

"ఎన్ని సెల్లులు?"

"పదహారు. అంతకుముందు నాలుగు."

"బిరడాలో ఏముంది?"

"ఇంకా తెలీదు. రబ్బరు గట్టిపడ్డానికి కలిపేది ఏదో ద్రవంలోకి దిగుతోంది. అది పొర మీద తొడుగులా పేరుకుంటోంది."

"గులాబీ?"

"మామూలు కార్బన్ లాగే ఉంది. చెడ్డదేం కాదు."

"చెడ్డదేం కాదు," అని ఆయన మెల్లగా అన్నారు, మాట రుచి చూస్తున్నట్టు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఏడుస్తారేమో అని భయపడ్డాను. లేదు. అద్దం మరక పడి ఉంది, అంతే.

"ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు. బిరడాలు అడిగానని బాయ్ గెంచోకి తెలుసు, ఎందుకో తెలీదు."

ఆయన కాగితాల అంచులు కలిపి సర్దారు. ఆ నిమిషంలో ఆయన, "ఇరవై నాలుగు దాటనీ, అప్పుడు చూద్దాం," అని ఉంటే నేను సరేననేదాన్ని. ఇప్పటికీ సిగ్గుపడకుండా చెప్తాను, అనేదాన్ని. ఎదురు చెప్పే ఓపిక నాలో లేదు.

"రేపు నేను బిగిస్తాను," అన్నారు. "నువ్వు ముట్టుకోవద్దు. నీ మీద అనుమానం కాదమ్మా. నా చేతుల్తో చేస్తే గానీ నాకు ఎక్కదు."

పదిహేనేళ్లుగా ఆయన గాజుపెట్టెలో చేతులు పెట్టలేదు. మర్నాడు ఉదయం కోటు విప్పి, చొక్కా చేతులు మడిచి, పెట్టెకు బిగించిన నల్లటి చేతొడుగుల్లోకి మోచేతుల దాకా దూర్చారు. సెల్ లోపల పెట్టే స్ప్రింగు వేలి గోరంత ఉంటుంది. మూడుసార్లు జారి పడింది. నేను పక్కన నిలబడి చూశానే గానీ సాయం చేస్తానని అనలేదు. సాయంత్రానికి ఎనిమిది అయ్యాయి. ఒకప్పుడు తెమెనుగా గంటలో చేసేది అన్ని.

నలభై ఐదు రోజులు మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. రోజూ ఆయన తెర దగ్గరకు వచ్చి నిలబడి, చూసి, మా దేశపు అలవాటు ప్రకారం సరేనన్నట్టు తల అడ్డంగా ఊపి వెళ్లిపోయేవారు. మే నెల మధ్యలో ఒక శుక్రవారం ఆయన గదికి పిలిచారు. పత్రిక సంపాదకుడికి ఉత్తరం రాసి పెట్టారు. అర పేజీ. మా పత్రంలోని కొలతలు నిజమే, కారణం తప్పు. ఆయుష్షు గులాబీ కార్బన్‌ది కాదు, సీసా బిరడాది. అంతే.

"అందరూ సంతకం చెయ్యాలట," అన్నారు. "బతికున్నవాళ్లు."

నేను సంతకం పెట్టాను.

"తెమెనుగా ఉంటే ఈ గాజు సామానంతా పగలగొట్టేది తెలుసా," అన్నారాయన కిటికీ వైపు చూస్తూ. "ముందు నీ మీద అరిచేది. తర్వాత నా మీద. ఆ తర్వాత గెంచోని పట్టుకుని, 'ఒరేయ్ పిసినారీ, నా గులాబీల్ని చంపావు కదరా,' అనేది. రెండో రోజుకి ఆవిడే బిరడాలు కోస్తూ కూర్చునేది."

"అవునండీ."

"నేను అరవాలనుకున్నాను. రెండు రోజులు ప్రయత్నించాను. ఇంట్లో ఎవరూ లేరుగా, ఎవరేమనుకుంటారు? నోరు తెరిచాను. ఏం రాలేదు." కలం మూత పెట్టారు. "నీకు వచ్చిందా?"

"లేదు."

"సరేలే," అన్నారు. ఉత్తరం కవరులో పెట్టి, నాలుకతో తడిపి అంటించి, తానే తీసుకుని కిందికి దిగారు. అక్కణ్ణించి డైరెక్టరు గదికి వెళ్లారు. పలక చెక్కడం ఆపించారు. డైరెక్టరు బతిమాలాడట, పేరు పెట్టడానికి గులాబీయే అక్కర్లేదు, ముప్పై ఏళ్ల సేవ చాలదా అని. "గులాబీ కోసమని అడిగాను. అది లేనప్పుడు ఆ కారణంతో వద్దు. వేరే కారణం ఉంటే మీరే, నన్ను అడక్కుండా, ఎప్పుడైనా పెట్టుకోండి," అని వచ్చేశారు. ఇరవై నాలుగున పిల్లలు పూలదండలతో బడి బ్యాండు వెనక ఊరేగుతుంటే మేం ఇద్దరం గదిలో కూర్చుని బిరడా ముక్కలు తూచుకున్నాం.

ఇక రంగెల్‌కి చెప్పాలి. తొమ్మిదేళ్లుగా ప్రతి జూన్‌లోనూ బస్తాలకొద్దీ పిప్పి ఎండబెట్టి పంపాడు, అక్క అడిగిందని. అక్క పోయాకా పంపాడు. ఫోన్లో చెప్పేది కాదన్నారు లూబెన్ గారు. నా కారులోనే వెళ్లాం.

బట్టీ మంచి ఊపు మీద ఉంది. కోతకూలీలు తెచ్చిన బస్తాలు ఒకవైపు, ఆవిరి కక్కే రాగి పాత్రలు ఒకవైపు. రంగెల్ ఎర్రటి ముఖంతో, చెమటతో వచ్చి బావను కావలించుకున్నాడు.

"ఏం బావా, ఈసారి ఎన్ని బస్తాలు? లారీ మాట్లాడమంటావా?"

"ఆగు. ముందు మాట వినవయ్యా."

లూబెన్ గారు నిలబడే చెప్పారు, ఏదీ దాచకుండా, విద్యార్థికి చెప్పినట్టు. రంగెల్ టోపీ తీసి తల గోక్కున్నాడు.

"అంటే నా పిప్పి ఉత్త పిప్పేనన్నమాట."

"బొగ్గుగా బాగానే పనికొస్తుంది. గొప్పతనమేం లేదు."

"ఈ సంగతి మా అక్కకి తెలుసా?"

"తెలీదు. తెలిసే లోపే పోయింది."

"అయితే మంచిదే," అన్నాడు రంగెల్. వెంటనే, "కాదులే, మంచిదేం కాదు. తెలిసుంటే బాగుండేది. ఆవిడకి తెలియకుండా ఏదైనా జరిగితే ఊరుకునే మనిషా?" అని నవ్వబోయి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. అతనికి ఎంత సులువుగా వచ్చిందో చూసి నాకు ఆశ్చర్యం వేసింది. బట్టీవాళ్లంతా చూస్తుండగానే, ముక్కు టోపీతో తుడుచుకుంటూ, ఓ రెండు నిమిషాలు బాహాటంగా ఏడ్చాడు. తర్వాత గొంతు సవరించుకుని, "పాత్ర దించాలి, నిలబడితే కాదు," అంటూ వెళ్లాడు.

పాత్ర మూత తెరిచి, ఉడికిన పిప్పిని పొడుగాటి పారలతో బయటికి లాగుతున్నారు. లూబెన్ గారు కోటు నా చేతికిచ్చి, గోడకు ఆనించిన పార ఒకటి తీసుకున్నారు.

"బావా, నీకెందుకు? కాలుతుంది."

"పక్కకి జరుగు."

అర గంట లాగారు. పొగమంచులాంటి ఆవిరిలో ఆయన ఒకసారి కనిపించి ఒకసారి కనిపించకుండా పోతున్నారు. కూలీలు మొదట నవ్వుకున్నారు, తర్వాత పట్టించుకోవడం మానేశారు. బయటికి వచ్చేసరికి రెండు అరచేతుల్లోనూ బొబ్బలు లేచాయి, ఒకటి పగిలింది. రంగెల్ భార్య చూసి, "అయ్యో అన్నయ్యా, మీ చదువంతా ఎటు పోయింది?" అంటూ కూర్చోబెట్టి చల్లటి పెరుగు పూసింది. ఆయన చేతులు చాపుకుని బుద్ధిగా కూర్చున్నారు. బల్ల మీద చిక్కుళ్ల పులుసు, జున్ను, రొట్టె పెట్టారు. ఆయన చెంచా పట్టుకోలేకపోతుంటే రొట్టె ముక్కలు చేసి నేనే పులుసులో వేశాను.

"మంట పుడుతోంది," అన్నారు తింటూ మధ్యలో, ఎవరితో అనీ కాకుండా. "బాగా మండుతోంది."

వెనక్కి వస్తుంటే దారిపొడుగునా నిద్రపోయారు, అరచేతులు పైకి తిప్పి ఒళ్లో పెట్టుకుని.

శరత్కాలానికి బిరడాలోంచి దిగుతున్నదేమిటో పట్టుకున్నాం. గంధకం ఉన్న ఒక చిన్న పదార్థం, అంగడిలో దొరికేదే. లీటరుకు చిటికెడు చాలు. స్లొవేనియావాళ్లు ఈసారి, మాకూ వచ్చింది అని రాశారు. కొత్త పత్రంలో మొదటి పేరు నాది. బాయ్ గెంచో పేరు కూడా పెట్టాలని లూబెన్ గారే పట్టుబట్టారు. ఫోన్ చేసి ఆయనకు చెప్పాను.

"పేరు పెడితే పింఛను పెరుగుతుందా?" అన్నాడు.

"పెరగదు బాయ్ గెంచో."

"మరి నా పదమూడు బిరడాలు?"

"రెండు మిగిలాయి. పంపిస్తాను."

"పోస్టుకి దండగ. నేనే వచ్చి పట్టుకెళ్తాలే."

మర్నాడే వచ్చాడు, జేబులో చిన్న రకియా సీసాతో. లూబెన్ గారు గదిలోంచి లేచి వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నారు. ఇద్దరు ముసలివాళ్లు, బల్ల మీద రెండు బీకర్లు. తెమెనుగా పేరు చెప్పి, తాకించకుండా బీకర్లు ఎత్తారు. చనిపోయినవాళ్లకు తాకించరు. నాకూ ఒకటి పోశారు. తాగి, గదిలోంచి బయటికి వచ్చి, యంత్రం దగ్గర ఆ రోజు అంకెలు రాసుకోవడం మొదలుపెట్టాను. ఆరో వరుస రాస్తుంటే కాగితం మీద అంకె చెదిరింది. తడి. పైకప్పు కారుతోందేమోనని తల ఎత్తి చూశాను.